పాత రైఫిల్‌కి ఏ తూటా?

ఒహాయోలోనో పెన్సిల్వేనియాలోనో ఎవరింట్లోనో పెద్దాయన పోతే పిల్లలు సామాను అమ్మకానికి పెడతారు. కుట్టుమిషను, గడియారాలు, పింగాణీ పళ్లేల మధ్య గోడకి ఆనించి ఒక బుల్లి రైఫిల్ ఉంటుంది. బ్యారెల్ మీద స్టీవెన్స్ కంపెనీ పేరు, మసాచుసెట్స్‌లోని చికోపీ ఫాల్స్ అనే ఊరి పేరు, పక్కన 25 అనే అంకె. బరువు తక్కువ, పనితనం ముచ్చటగా ఉంటుంది, బేరం కూడా తేలిగ్గానే తెగుతుంది. ఇంటికి తెచ్చాక తెలుస్తుంది, దానికి తూటాలు దొరకవని. .25 స్టీవెన్స్ రిమ్‌ఫైర్ తయారీ 1942లోనే ఆగిపోయింది. మిగిలిన పాత పెట్టెలు సేకరించేవాళ్ల అల్మారాల్లో ఉన్నాయి. వాటి ధర చూస్తే కాల్చడానికి చెయ్యి రాదు.

అప్పుడు పుడుతుంది ఆలోచన: ఇప్పుడు దొరికే ఏదో ఒక తూటాకి దీన్ని మార్పిస్తే పోలా? మార్చే పని గన్‌స్మిత్‌ది. లేతు మిషను, రీమర్లు, కొలత గేజీలు ఆయన దగ్గర ఉంటాయి, అవి మీ గరాజ్‌లో అక్కర్లేదు. కానీ ఏ తూటాకి మార్చాలన్న నిర్ణయం డబ్బిచ్చే మీది. దుకాణంలో ఏది చవక, ఏది వేగంగా పోతుంది అనే చోట మొదలుపెడితే ఆ నిర్ణయం చెడుతుంది. మొదలుపెట్టాల్సింది తుపాకీ వెనక భాగం దగ్గర, తూటాని పట్టి ఆపే చోట.

అంతకన్నా ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. అమెరికాలో హెచ్-1బీ, విద్యార్థి వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీని 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం యాంటిక్ కింద లెక్కగట్టి వదిలేస్తుంది. అయితే ఆ వదిలిపెట్టడం తుపాకీకే, అందులో వేసే ఇప్పటి తూటాకి కాదు. పైగా రాష్ట్రానికో రూలు. భారతదేశంలోనైతే 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీని మార్చడమే నేరం. పాతకాలపు ఆయుధాలకి అక్కడున్న మినహాయింపు రిపేరు చేసినా పేలనివాటికే. తాతగారి తుపాకీ అటక మీద ఉందని ఈ అధ్యాయం చదివి హుషారు పడేవాళ్లు ఈ పేరా దగ్గరే ఆగితే మంచిది.

ఇక అసలు విషయం. రిమ్‌ఫైర్ తూటాకి అడుగున చుట్టూ ఒక మడత అంచు ఉంటుంది. నిప్పు పుట్టించే రసాయనం ఆ మడతలోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ అంచుని నలిపితే అది రగులుతుంది, తుపాకిమందు అంటుకుంటుంది. అంచు నలగాలంటే ఇత్తడి పలచగా ఉండాలి. పలచటి ఇత్తడి ఎక్కువ ఒత్తిడికి ఓర్చుకోలేదు. రిమ్‌ఫైర్ పుట్టుకతోనే ఉన్న హద్దు ఇది. పారిస్‌లో ఫ్లోబెర్ 1845లో ఇంట్లో కాల్చుకునే చిన్న తూటా చేసిన నాటి నుంచి, స్మిత్ అండ్ వెస్సన్ 1857లో .22 షార్ట్ తెచ్చిన రోజుల మీదుగా, ఆ హద్దు ఎక్కడికీ పోలేదు. తుపాకీలు చేసినవాళ్లు ఆ హద్దుకి తగ్గట్టే చేశారు. బ్లాక్ పౌడర్ కాలపు మెత్తటి ఒత్తిడికి ఎంత ఇనుము కావాలో అంతే పెట్టారు. పిల్లలు మోసే తుపాకీ కదా, బరువు, ఖర్చు రెండూ తగ్గించారు. తూటా బలహీనం, దానికి సరిపడా తుపాకీ. ఇంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది. మనం తూటాని మార్చగానే ఆ లెక్క తప్పుతుంది.

చాలామంది ఇక్కడ ఒత్తిడి ఒక్కటే చూస్తారు. అమెరికాలో తూటాల తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ ప్రతి తూటాకీ గరిష్ఠ ఒత్తిడి నిర్ణయిస్తుంది. .22 లాంగ్ రైఫిల్‌కి అది చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. రివాల్వర్ తూటా అయిన .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్‌కి 15,000. అంకెలు చూసి, రెండోది మెత్తనిది, నా తుపాకీకి ఇంకా సుఖం అనుకుంటారు. కానీ తూటాని వెనక నుంచి ఆపే బ్రీచ్ బ్లాక్‌ని తోసేది ఒత్తిడి ఒక్కటే కాదు, ఒత్తిడిని తూటా అడుగు వైశాల్యంతో గుణిస్తే వచ్చే తోపు. .22 లాంగ్ రైఫిల్ కేసు (ఇత్తడి గొట్టం) వ్యాసం 0.226 అంగుళాలు. గుణిస్తే తోపు సుమారు 960 పౌండ్లు. .32 లాంగ్ కేసు 0.337 అంగుళాలు. ఒత్తిడి అంత తక్కువైనా తోపు సుమారు 1,340 పౌండ్లు. .22 మాగ్నమ్ ఒత్తిడి లాంగ్ రైఫిల్ లాంటిదే, కేసు కొంచెం లావు, తోపు 1,100 పౌండ్లు. .38 స్పెషల్ ఒత్తిడి 17,000 మాత్రమే, తోపు 1,900 పైన. ఇక .22 హార్నెట్ ఒత్తిడి 49,000. సన్నటి తూటాయే కానీ తోపు 3,400 పౌండ్లకి చేరుతుంది. 960 పౌండ్లు ఆపడానికి తయారైన పిన్నులు, స్క్రూల మీద అది మూడున్నర రెట్లు.

ఈ లెక్క కేసు బయటి వ్యాసంతో వేసింది. లోపలి వ్యాసంతో వేస్తే కాస్త తగ్గుతుంది. కేసు గోడలు చాంబర్‌ని, అంటే తూటా కూర్చునే గదిని, కరుచుకుని కొంత తోపుని తామే మోస్తాయి కూడా. అయినా పోల్చి చూడటానికి ఈ మోటు లెక్క చాలు. ఆ కరుచుకోవడాన్ని లెక్కలోంచి తీసెయ్యకండి, దాని మీద భరోసా కూడా పెట్టుకోకండి. తుడిచాక చాంబర్‌లో నూనె మిగిలితే కేసు జారుతుంది, తోపంతా బ్లాక్ మీదే పడుతుంది. అందుకే కాల్చే ముందు చాంబర్ పొడిగా ఉండాలి.

బ్యారెల్ విషయం ఇంత చిక్కుగా ఉండదు. పాత బ్యారెల్ తుప్పు పట్టి పాడైతే లోపల తొలిచి, కొత్త ఉక్కు గొట్టం దూర్చి బిగిస్తారు. దాన్ని లైనర్ అంటారు. పని బాగుంటే బ్యారెల్ కొత్తదాంతో సమానం. ప్రమాదం కూడా ఇక్కడే దాక్కుంటుంది. కొత్త లైనర్ వేయించాం కాబట్టి తుపాకీ గట్టిపడింది అనుకోవడం, పాత గడియ అలాగే ఉంచి తలుపుకి కొత్త టేకు చెక్క వేయించినట్టు. బ్రీచ్ బ్లాక్‌కీ, దాన్ని పట్టుకునే పిన్నులకీ, ఫ్రేమ్‌కీ లైనర్ ఒక్క పౌండు బలం కూడా చేర్చదు.

ఇప్పుడు ఈ అధ్యాయంలో నేను చెప్పాలనుకున్న మాట. తూటాని ఎంచుకునేటప్పుడు, మీరు ఏది కాలుస్తారు అని అడగడం సరిపోదు. ఆ చాంబర్‌లో పట్టే తూటాలన్నిటిలోకీ అతి ఘాటైనది ఏది అని అడగాలి. ఆ ఘాటైనదాన్ని కూడా తుపాకీ ఆపగలగాలి. ఎందుకంటే తుపాకీ మీ చేతిలోనే ఉండిపోదు. మీ అబ్బాయి తీస్తాడు, స్నేహితుడు అడుగుతాడు, ఎప్పుడో అమ్ముతారు. మీరు మెత్తటివే కాల్చేవారన్న సంగతి చాంబర్‌కి గుర్తుండదు.

.32 కుటుంబం దీనికి మంచి పాఠం. .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, .327 ఫెడరల్ మాగ్నమ్ మూడూ ఒకే లావు. పొడవులే వేరు: 0.920, 1.075, 1.200 అంగుళాలు. చివరిదాని ఒత్తిడి 45,000, అంటే తోపు 4,000 పౌండ్లు. చాంబర్‌ని .32 లాంగ్‌కి సరిగ్గా కోసి ముందు మెట్టు వదిలితే, పొడుగు కేసులు ఆ మెట్టుకి తగిలి ఆగిపోతాయి. పొడుగ్గా కోయిద్దాం, పొట్టివీ పొడుగువీ అన్నీ కాల్చుకోవచ్చు అన్న ఆశకి లొంగితే ఆ 4,000 పౌండ్లకి మీరే తలుపు తీసినట్టు. .38 లాంగ్ కోసం మెట్టు లేకుండా సూటిగా తొలిచిన పాత చాంబర్లది ఇంకా పెద్ద కథ. వాటిల్లో .38 స్పెషల్, ఒక్కోసారి .357 మాగ్నమ్ కూడా చక్కగా దూరిపోతాయి. దూరడం వేరు, తగడం వేరు. .38 రిమ్‌ఫైర్ రైఫిల్‌ని మార్పించేవాళ్లు చాంబర్ అలా తొలిచి ఉందేమో ముందు కొలిపించాలి.

ఈ ప్రశ్నని .22కి వేస్తే వచ్చే జవాబు చాలామందికి నచ్చదు. బాగా వదులైన, అతి తేలికైన తుపాకీకి సరైన తూటా .22 లాంగ్ రైఫిల్ కాదు, .22 షార్ట్. షార్ట్‌కి కోసిన చాంబర్‌లో లాంగ్ రైఫిల్ పూర్తిగా దూరదు, బ్రీచ్ మూసుకోదు. ఏ మనవడో తెలియక హైవెలాసిటీ లాంగ్ రైఫిల్ తూటా తెచ్చినా ఇనుమే వద్దంటుంది. దీనికి ఖర్చేమిటంటే, షార్ట్ ఇప్పుడు అన్ని దుకాణాల్లోనూ దొరకదు, వంద గజాల గురికి పనికిరాదు. రైఫ్లింగ్ మెలిక కూడా షార్ట్‌కి తగ్గట్టు నెమ్మదిగా ఉండాలి. లాంగ్ రైఫిల్‌కి మామూలుగా 16 అంగుళాలకి ఒక చుట్టు, షార్ట్‌కి 20 పైన. పెరట్లో డబ్బాలు కొట్టుకునే తుపాకీకి ఇవేవీ పెద్ద లోపాలు కావు.

తుపాకీ బిగువుగా ఉంటే లాంగ్ రైఫిల్‌కి వెళ్లొచ్చు. స్టీవెన్స్ ఫేవరెట్ అనే బుల్లి రైఫిల్‌ని కంపెనీయే .22, .25, .32 రిమ్‌ఫైర్లలో చేసింది. కాబట్టి .25ది పాడైతే .22 లాంగ్ రైఫిల్ లైనర్ వేయించడం ఎక్కువమంది నడిచిన దారి, నా ఓటు కూడా దానికే. కాల్చేది మాత్రం స్టాండర్డ్ వెలాసిటీ, అంటే సెకనుకి సుమారు 1,070 అడుగులవి. అంతకన్నా వేగంగా పోయేవి ఫేవరెట్ మొదట వచ్చిన రోజుల్లో లేవు. హైవెలాసిటీ .22లు 1930 ప్రాంతంలో వచ్చాయి. ఇప్పటి స్టింగర్ లాంటివాటికి కేసే కాస్త పొడుగు. అవి ఇలాంటి తుపాకీకి పనికిరావు. .25 స్టీవెన్స్ బ్యారెల్ బాగుంటే దాన్ని సెంటర్‌ఫైర్ (నిప్పు రసాయనం అంచులో కాక అడుగు మధ్యన ప్రైమర్‌లో ఉండే తూటాల రకం) చేసి .25 ఏసీపీ పిస్టల్ తూటా కాలుద్దామనే సలహా కూడా వినిపిస్తుంది. కేసుల లావు దగ్గరగానే ఉంటుంది, గుండూ సరిపోతుంది. కానీ ఒత్తిడి 25,000, తోపు 1,500 పౌండ్లు, పైగా రాగి తొడుగు గుండు పాత మెత్తటి బ్యారెల్‌ని అరగదీస్తుంది. ఫేవరెట్‌కి నేనైతే ఇది వద్దంటాను.

ఫేవరెట్ పేరుతోనే ఇంకో ఉచ్చు ఉంది. సావేజ్ కంపెనీ ఇటీవలి దశాబ్దాల్లో అదే పేరుతో, అదే పోలికతో మోడల్ 30 తెచ్చింది. అది .22 మాగ్నమ్‌లోనూ, .17 హెచ్ఎంఆర్‌లోనూ వచ్చింది. పోలిక చూసి, కొత్త ఫేవరెట్ మాగ్నమ్ తట్టుకుంటే పాతదెందుకు తట్టుకోదు అంటారు. కొత్తది ఇప్పటి ఉక్కు, ఇప్పటి కొలతలు. పాత ఫ్రేమ్ నూరేళ్ల నాటి మెత్తటి లోహం. వాటి పేరూ రూపమూ ఒకటే, బలం మాత్రం కాదు.

పేరు దగ్గరే ఇంకోచోట పొరబడతారు. స్టీవెన్స్ ఐడియల్ 44, ఐడియల్ 44½ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. 44 ఫ్రేమ్ పోత ఇనుము, బ్లాక్ వెనక్కి వాలుతూ తెరుచుకుంటుంది. 1903లో వచ్చిన 44½ ఫ్రేమ్ సమ్మెటతో సాగగొట్టిన ఉక్కు, బ్లాక్ గాడిలో నిట్టనిలువుగా దిగుతుంది. రెండోదాన్ని సెంటర్‌ఫైర్‌కి మార్చడం ఇబ్బంది లేని పని. మొదటిదాన్ని రిమ్‌ఫైర్‌లోనే ఉండనివ్వడం మేలు. ఆ అర అంకె ఉందో లేదో చదవకుండా సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

వించెస్టర్ 1885 'లో వాల్' రైఫిల్ వేరే కోవది. తుపాకీల రూపకర్త బ్రౌనింగ్ ఆలోచన నుంచి పుట్టిన, బ్లాక్ నిలువుగా దిగే ఫాలింగ్ బ్లాక్ అది. వించెస్టర్ దాన్ని .22 రిమ్‌ఫైర్లతో పాటు .32-20 లాంటి సెంటర్‌ఫైర్లలోనూ అమ్మింది. అంటే ఆ ఫ్రేమ్ ఎంత మోయగలదో కంపెనీయే చేసి చూపించింది. రిమ్‌ఫైర్ లో వాల్‌ని అదే కుటుంబంలోని సెంటర్‌ఫైర్‌కి మార్చడం కొత్త సాహసమేమీ కాదు. కానీ .32-20 పెట్టె మీద ఏమి రాసి ఉందో చూడాలి. గట్టి లివర్ రైఫిల్ అయిన మోడల్ 92 కోసం ప్రత్యేకంగా ఘాటు తూటాలు ఒకప్పుడు అమ్మారు. అవి లో వాల్ చాంబర్‌లో కూడా పడతాయి. 1930 ప్రాంతంలో .22 హార్నెట్ వచ్చినప్పుడు గన్‌స్మిత్‌లు లో వాల్‌లనీ, రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్‌లనీ బోలెడన్ని దానికి మార్చారు. వాటిలో కొన్ని ఇప్పటికీ కాలుతున్నాయి. అది ఇంకో హార్నెట్ మార్పుకి సాక్ష్యం కాదు. పగిలినవి, వదులై మూలకి చేరినవి మనకి కనపడవు కదా. సెంటర్‌ఫైర్ మార్పు అసలు జరగకూడనిదని కాదు. డెన్మార్క్ సైన్యం 1867లో తీసుకున్న రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్‌లు రిమ్‌ఫైర్లే, 1896 మార్పులో వాటిని సెంటర్‌ఫైర్ చేసి వాడుకుంది. కానీ అవి సైనికుల కోసం చేసిన భారీ ఫ్రేమ్‌లు. అదే కంపెనీ చేసిన నంబర్ 4 బుల్లి రోలింగ్ బ్లాక్ పిల్లల తుపాకీ. వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది.

.32 రిమ్‌ఫైర్ రైఫిల్ ఉన్నవాళ్లకి ఒక పాత ఫ్యాక్టరీ ఉదాహరణ ఉంది. మార్లిన్ కంపెనీ 1892 మోడల్ రైఫిల్‌ని ఫైరింగ్ పిన్ మార్చుకుంటే .32 రిమ్‌ఫైర్, .32 కోల్ట్ సెంటర్‌ఫైర్ రెండూ కాల్చేలా చేసింది. రెండు కేసులూ ఒకే లావు, ఒకే మోతాదు శక్తి. అది సింగిల్ షాట్ కాకపోయినా దారి చూపుతుంది: చాంబర్ ముట్టకుండా, అదనపు బ్రీచ్ బ్లాక్ ఒకటి సెంటర్‌ఫైర్ పిన్‌తో చేయించుకుని, .32 లాంగ్ కోల్ట్ మెత్తగా కాల్చుకోవడం. తూటాలు దొరకడం కష్టం, సొంతంగా లోడ్ చేసుకోవాల్సి రావచ్చు. కానీ అసలు భాగాలు చెక్కు చెదరవు, బలం లెక్కా మారదు. నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇదే. తేలిగ్గా దొరికే తూటా కావాలంటే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ ఉంది. ఫ్యాక్టరీలో చేసిన సీసపు గుండు తూటాలు 98 గ్రెయిన్లవి సెకనుకి 700 అడుగుల చొప్పున తీరిగ్గా పోతాయి. దానికి చాంబర్ పెద్దది చేయాలి, తోపూ పెరుగుతుంది. ఫ్రేమ్ గట్టిదైతేనే అటు వెళ్లాలి.

సెంటర్‌ఫైర్‌కి వెళ్లే ప్రతివాళ్లూ గన్‌స్మిత్‌ని తప్పక అడగాల్సింది ఫైరింగ్ పిన్ రంధ్రం గురించి. పాత బ్లాక్‌లలో ఆ రంధ్రం పెద్దది, పిన్ మొన మొద్దు. రిమ్‌ఫైర్‌కి అది చాలు. సెంటర్‌ఫైర్ తూటా ప్రైమర్ మాత్రం ఆ ఖాళీలోకి ఉబ్బి చిట్లుతుంది. చిట్లితే వేడి గ్యాసు ఆ రంధ్రం గుండా నేరుగా కంటి వైపే వస్తుంది. రంధ్రాన్ని పూడ్చి సన్నగా మళ్లీ తొలవాలి, పిన్ కొత్తది చేయాలి. ఈ పని అవసరం లేదు, అలాగే కాలుతుంది అనే గన్‌స్మిత్ దగ్గర మిగతా పని కూడా చేయించకండి. ఎంత చిన్న తూటా అయినా కళ్లద్దాలు లేకుండా కాల్చవద్దు.

పని ఒప్పుకునే ముందు మంచి గన్‌స్మిత్ మీరు అడగకుండానే కొన్ని పనులు చేస్తాడు. బ్యారెల్ లోపలి కొలత తీస్తాడు. బ్లాక్ మూసి ముందుకీ వెనక్కీ కదిలిస్తాడు. పిన్నులు, స్క్రూలు అరిగిపోయి ఉంటే మార్చాలంటాడు. ఫ్రేమ్‌లో కంటికి కనపడని పగుళ్లు ఉన్నాయేమో అయస్కాంత పరీక్ష చేయిస్తాడు. తాడు కట్టి దూరం నుంచి ఒక ఘాటు తూటా పేల్చి చూద్దాం, తట్టుకుంటే సరే అనే పద్ధతి ఆయన ఒప్పుకోడు. ఒకసారి తట్టుకోవడం రెండోసారికి హామీ కాదు. ఆ ఒక్క పేలుడే పిన్నుని కొంత సాగదీసి ఉండవచ్చు, పగులు మొదలుపెట్టి ఉండవచ్చు.

కొన్ని తుపాకీలకి మాత్రం ఏ తూటా ఎంపికా లేదు. బెల్జియంలో చవకగా తయారై అమెరికాకి గుట్టలుగా వచ్చిన ఫ్లోబెర్ రైఫిళ్లలో చాలావాటికి తాళం అనేదే ఉండదు. తూటాని వెనక నుంచి ఆపేది హ్యామర్ బరువూ, స్ప్రింగూ, ఒక చిన్న రేకులాంటి బ్రీచ్. వాటి చాంబర్‌లో ఇప్పటి .22 లాంగ్ రైఫిల్ పట్టొచ్చు. అదే వాటి ప్రమాదం. లైనర్ వేసినా, పిన్ మార్చినా అవి గట్టిపడవు. గోడకి పెట్టుకోవడానికే కొనండి. ఎవరూ తూటా వేయకుండా ఫైరింగ్ పిన్ తీసి విడిగా దాచండి.

పని పూర్తయ్యాక బ్యారెల్ మీద కొత్త తూటా పూర్తి పేరు చెక్కించాలి. "32" అని వదిలేస్తే ఆ పేరుతో నాలుగైదు తూటాలున్నాయి. పాత అంకె పక్కనే కొత్తది ఉండి రెండూ తికమక పెడుతుంటే, పాతదాన్ని సన్న గీతతో కొట్టేయించండి, అరగదీయించవద్దు. ఫేవరెట్ బ్యారెల్ ఒక్క స్క్రూతో ఊడొస్తుంది. వీలైతే పాత బ్యారెల్‌ని అలాగే దాచి, ఇంకో బ్యారెల్‌కి లైనర్ వేయించుకోవడం బాగుంటుంది.

మొదటి యాభై తూటాలు ఒకేరోజు కాల్చేయకండి. పదేసి కాల్చి ఖాళీ కేసులు చూడండి. అంచు ఉబ్బిందా, ప్రైమర్ వెనక్కి వచ్చిందా, కేసు పక్కన చీలిందా? పేలినప్పుడు లివర్ దానంతటదే కదిలిందా? బ్లాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు మొదటి రోజుకన్నా పెరిగిందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా ఆ రోజుకి తుపాకీ సంచిలో పెట్టేసి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆ కాల్చిన కేసులతో సహా.